పదిహేడు బై నలభై

బంజారాహిల్స్ గ్యాలరీలో ఏసీ చల్లదనం
ఎవరిదో తడి తువ్వాలులా భుజాల మీద పడింది.
ఎదురుగా గోడ మీద
మా నాయిన చేయి.

చేయంటే చేయి కాదు.
ఒక నీలం పలక, దాని మీదికి ఒరిగిన నారింజ పలక,
రెండూ ఎక్కిన చోట మాగిన రేగుపండు రంగు.
కింద పెన్సిలుతో పదిహేడు బై నలభై,
ఇర్షాద్ సాబ్ సంతకం, డెబ్బై ఎనిమిది.
పక్కన తెల్లని అట్టముక్క:
‘మలి ఆధునికత. సిల్కు తెర. పరిమిత ముద్రణ.’
ముద్రించినవాడికి ఆ అట్టలో చోటు చాలలేదు.

ఛత్తాబజార్‌లో పెళ్లికార్డుల నడుమ పెరిగినదాన్ని.
కిరసనాయిలు వాసన లేని బువ్వ
అత్తగారింట్లోనే మొదటిసారి తిన్నాను,
ఉప్పు తక్కువైందనుకున్నాను.
పొద్దున వినాయకుడు, పొద్దుగూకితే నెలవంక,
ఎవరి లగ్గానికైనా అదే తెర, అదే రబ్బరు పట్టీ.
నాయిన ఎన్నడూ కార్డు చదవలేదు.
అక్షరం అంచు చూసేవాడు,
నిలిచిందా, పగిలిందా అని.

ఎండాకాలం, లాంబ్రెట్టా మీద వచ్చాడు ఇర్షాద్ సాబ్
చంకలో చుట్టిన కాగితంతో.
నాయిన దాన్ని నాలుగు దిక్కులా తిప్పి
“దీంట్ల బొమ్మ యాడుంది సాబ్?” అన్నాడు.
“బొమ్మ లేదు బాలమల్లూ. రంగు కూసున్న తీరే ఉంది.”
నాయిన మళ్లీ అడగలేదు.
ఇరవై ఏళ్లుగా తను చూస్తున్నదేమిటో
ఎవరో పేరు పెట్టి పిలిచినట్టయింది.

నీలం ఎండింది. నారింజ ఎక్కుతోంది.
నాలుగు కాగితాలు గీతకు గీత కుదిరినయి.
ఐదోదానికి కరెంటు పోయింది.
రబ్బరు లాగుతున్న చేయి తడబడింది,
తెర వేలెడు జరిగింది.
చింపబోయిన నాయిన మణికట్టు పట్టుకుని
సాబ్ లాంతరు తెమ్మన్నాడు.
నేనే తెచ్చాను. పొగచూరిన గాజు.
చాలాసేపటికి అన్నాడు,
“గిదే కావాలె. నలభైకి నలభై.”

కష్టం అప్పుడు మొదలైంది.
తప్పును గురిచూసి కొట్టడం నాయినకు రాదు.
చెక్కకు కొత్త మేకులు కొట్టాడు,
వేలెడు దూరాన్ని వేలితోనే కొలిచాడు,
మూడు రాత్రులు
ఒక్క తడబాటును తడబడకుండా లాగాడు.
గడపలో కూచుని అమ్మ అంది:
“ఒక్కసారి జారితే పడ్డమంటరు.
నలభైసార్లు జారితే ఆటంటరు.”

సరిగ్గా వచ్చిన ఆ నాలుగూ
పనికిరానివైపోయినయి.
అమ్మ ఒకటి ట్రంకుపెట్టెలో పరిచింది,
ఒకటి డబ్బాల కింద,
రెండు నా మూడో తరగతి పుస్తకాలకు అట్టలయినయి.
తీసివేతలు చేసిన లెక్కల నోటుబుక్కుకు
పొరపాటు లేని నీలం, పొరపాటు లేని నారింజ.
నలభైలోంచి ముప్పైతొమ్మిది తీస్తే
నిజంగా జారింది ఎంత
అని ఆ పుస్తకంలో ఏ లెక్కా అడగలేదు.

అచ్చు ముగిశాక తెర కోసేయాలన్నాడు సాబ్,
నలభై ఒకటోది పుట్టకుండా.
నాయిన కత్తి తీసి, పట్టును వేళ్లతో తడిమి,
“రేపు కోస్త” అన్నాడు.
కోయలేదు. పట్టు గజం ధర ఆయనకు తెలుసు.
కడిగి ఆరేశాడు.
రుద్దినా పోని పలుచటి నారింజ పొగ
దారాల్లో ఉండిపోయింది.
ఆ ఆషాఢం దాటాక మలక్‌పేటలోనో, శాలిబండలోనో
పెళ్లాడినవాళ్లెవరైనా
కార్డు మూల ఒకసారి వెలుగుకు పట్టి చూసుకోండి.

గ్యాలరీ అమ్మాయి దగ్గరికొచ్చి
“ఈ కలయికలోని అప్రయత్నత చూడండి” అంది.
చూశాను.
వెనకవైపు చూపిస్తావా అమ్మా అన్నాను.
లాంతరు మసితో ఒక బొటనవేలు
నలభైలో ఒకదాని వెనకే ఉంటుంది.
అంకెలు వరసన వేసినవి కావు,
సాబ్ చేతికి అందినట్టు వేసినవి.
ఫ్రేము ముట్టకూడదట.

“మీరు కలెక్టరా?” అని అడిగింది, మర్యాదగా.

“కాదమ్మా. అట్టలేసుకున్నదాన్ని.”